ఢిల్లీలో మ్యూజియంలు చూడ్డానికి రెండు రోజులు చాలు, కానీ సోమవారం వద్దు

తిరుపతి నుంచి అమ్మానాన్నలతో ఢిల్లీ వెళ్తున్నాం, రెండు రోజుల్లో ఏ మ్యూజియంలు, ఆర్ట్ గ్యాలరీలు చూడొచ్చు అని అడిగారు. ముందు ఆ రెండు రోజుల్లో సోమవారం పడకుండా చూసుకోండి.

మేం ఆ దెబ్బ తిన్నాం. సంపర్క్ క్రాంతిలో ఒకటిన్నర రోజు కూర్చుని నిజాముద్దీన్‌లో దిగాం. మర్నాడు పొద్దున్నే జనపథ్‌లో నేషనల్ మ్యూజియం గేటు ముందు నిలబడితే సెక్యూరిటీ ఆయన చేత్తోనే వెళ్లిపొమ్మన్నాడు. మన చంద్రగిరి కోటలో మ్యూజియానికి శుక్రవారం సెలవు కదా, నేను అదే లెక్కలో ఉన్నా. ఢిల్లీలో నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్, క్రాఫ్ట్స్ మ్యూజియం, గాంధీ స్మృతి, అన్నిటికీ సోమవారమే సెలవు. ఆ రోజంతా ఇండియా గేట్ దగ్గర పల్లీలు తింటూ గడిపాం. మా నాయన ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంటాడు.

నేషనల్ మ్యూజియం మొత్తం చూద్దామనుకోవద్దు. గంటకే నాయనకు మోకాళ్లు పట్టేశాయి. "తిరుమలలో స్వామి కోసమైతే కంపార్ట్‌మెంట్లో ఎనిమిది గంటలు కూర్చుంటా గానీ, ఈ కుండపెంకుల కోసం నా చేత కాదబ్బా" అని బెంచీ మీద చతికిలబడ్డాడు. హరప్పా గ్యాలరీతోనే మొదలుపెట్టండి. అక్కడి నాట్యకత్తె బొమ్మను మేం ఒకసారి దాటిపోయి మళ్లీ వెనక్కొచ్చాం. పుస్తకాల్లో ఫొటో చూసి పెద్ద విగ్రహం అనుకున్నా, తీరా చూస్తే ఎత్తు 10.5 సెంటీమీటర్లే. ఎడమ చేతికి భుజం దాకా గాజులు, కుడి చెయ్యి నడుం మీద, గడ్డం కాస్త పైకెత్తి "ఏంది సంగతి?" అన్నట్టు నిలబడి ఉంటుంది. 1926లో మొహెంజొదారోలో దొరికింది. మైనంతో బొమ్మ చేసి, పైన మట్టి మెత్తి కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో కంచు పోశారు. మన గుళ్లలో పంచలోహ ఉత్సవమూర్తులనూ ఇట్లాగే పోస్తారు కదా అనేసరికి నాయన బెంచీ మీంచి లేచొచ్చి మళ్లీ చూశాడు. తర్వాత నాగార్జునకొండ శిల్పాలు, చోళుల కంచు విగ్రహాలు చూసి బయటపడండి, ఆ పూటకి చాలు.

మోడర్న్ ఆర్ట్ గ్యాలరీ ఇండియా గేట్ పక్కనే, ఒకప్పటి జైపూర్ మహారాజు భవనంలో ఉంది. నిజం చెప్పాలంటే సగం బొమ్మలు మాకు అర్థం కాలేదు. కానీ చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ బొమ్మల కోసమైనా వెళ్లాలి. 28 ఏళ్లకే పోయిందావిడ. దక్షిణాది తిరిగొచ్చి 1937లో వేసిన ఒక పటంలో ఐదుగురు బ్రహ్మచారులు పంచెలతో, ఒంటి మీద చొక్కా లేకుండా కూర్చుని ఉంటారు. మా అమ్మ దాని ముందు ఆగి "మన ధర్మగిరి వేదపాఠశాల పిల్లోళ్ల మాదిరే ఉండారే" అంది.

రెండో రోజు క్రాఫ్ట్స్ మ్యూజియానికి ఉంచుకోండి. అమ్మ పుట్టిల్లు కాళహస్తి. బట్టల గ్యాలరీలో కలంకారీ కనిపించగానే "ఇంత దూరమొచ్చి మళ్లీ మా ఊరి గుడ్డేనా" అని నవ్వింది గానీ, అక్కణ్ణించి కదల్లేదు. గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచకపోతే నల్లరంగు పాకిపోతుందనీ, ఆ నలుపుని తుప్పు ఇనుము, బెల్లం కలిపి ఊరబెట్టి తీస్తారనీ పక్కనున్న కాలేజీ అమ్మాయికి తెలుగులోనే చెప్పేసింది. ఆ పిల్లకి ఒక్క ముక్క అర్థమైందో లేదో, తలైతే ఊపింది.

ఇంకోటి, నేషనల్ మ్యూజియాన్ని రాష్ట్రపతి భవన్ ముందున్న నార్త్ బ్లాక్, సౌత్ బ్లాక్‌లకు మార్చే ప్లాన్ ఉంది. టికెట్లు తీసే ముందు ఏ గ్యాలరీలు తెరిచి ఉన్నాయో వెబ్‌సైట్‌లో చూసుకోండి. అంతకంటే ముందు ఒక ఆదివారం మీ నాన్నగారిని చంద్రగిరి తీసుకెళ్లి, ఎంతసేపు నిలబడగలరో చూడండి.