అన్నయ్య మద్యం మానాలనుకుంటున్నాడు. మేము కావలిలో ఉంటాం. సరైన కౌన్సెలర్‌ను ఎలా ఎంచుకోవాలి?

ముందు మానసిక వైద్యుడికి చూపించండి, కౌన్సెలర్ సంగతి తర్వాత. ఏళ్ల తరబడి రోజూ తాగినవారు ఒక్కసారిగా ఆపేస్తే కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి. ఒకటి రెండు రోజుల్లో మూర్ఛ, ఆ తర్వాత మతిభ్రమ కూడా రావచ్చు. అది ప్రాణాంతకం. గదిలో పెట్టి మాన్పించే ప్రయత్నం దయచేసి చేయకండి. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి.

శరీరం కుదుటపడ్డాక కౌన్సెలింగ్. క్లినికల్ సైకాలజిస్టు అయితే భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి, అందులో తప్పేమీ లేదు. 'మళ్లీ తాగితే ఏం చేస్తారు?' అని కూడా అడగండి. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. మానినవారు తిరిగి తాగడం ఈ జబ్బులో తరచూ జరిగేదే. అప్పుడు తిట్టి పంపేవారు వద్దు. జీతం వచ్చిన రోజా, పాత స్నేహితుల ఫోనా, నిద్రలేమా, దేనివల్ల తాగాలనిపించిందో కూర్చుని వెతికేవారు కావాలి.

తెలియకుండా అన్నంలో కలిపే మందు ఇస్తామనేవారి గడప తొక్కకండి. అది మద్యం మాన్పించడానికి వాడే డైసల్ఫిరామ్ అయితే, దానిపై మద్యం పడినప్పుడు రక్తపోటు పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు.

ఊళ్లో ఎవరైనా చూస్తారని అన్నయ్య సంకోచిస్తే వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446కు గానీ, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు గానీ ఫోను చేయించండి. రెండూ ఉచితమే. నాలుగైదుసార్లు కలిశాక కూడా ఆయన ఆ కౌన్సెలర్‌కు నిజం చెప్పలేకపోతుంటే, చికిత్స ఆపకుండా మరొకరిని చూడండి.