48 వేల ఎస్టిమేటు కట్టే ముందు రెండు వేలతో పరీక్ష

ప్రశ్న: మాది ఉప్పల్. 2016లో కొన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ ఉంది. ఆఫీసుకు నాగోల్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గం వెళ్తాను కాబట్టి సోమవారం నుంచి శుక్రవారం దాకా కారు సెల్లార్‌లోనే ఉంటుంది. నెల రోజులుగా శనివారం పొద్దున సెల్ఫ్ కొడితే టిక్‌టిక్‌మంటుంది తప్ప స్టార్ట్ కావడం లేదు. తోసి స్టార్ట్ చేస్తే నడుస్తోంది గానీ చెక్ ఇంజిన్ లైటు వెలుగుతోంది, సిగ్నల్ దగ్గర ఆగితే బండి వణుకుతోంది. బ్యాటరీ, సెల్ఫ్ మోటార్, ఆల్టర్నేటర్ (ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీని చార్జ్ చేసేది), క్యాటలిటిక్ కన్వర్టర్ (సైలెన్సర్ పొగలోని విషవాయువులను తగ్గించేది) అన్నీ మార్చాలని ఒక గ్యారేజీలో 48 వేల ఎస్టిమేటు ఇచ్చారు. జీతం 62 వేలు, ఎఫ్‌డీలో 90 వేలు ఉన్నాయి. క్రెడిట్ కార్డు ఈఎంఐ మీద రిపేరు చేయించమంటారా, ఇది అమ్మేసి ఏడు లక్షల లోనుతో కొత్తది తీసుకోమంటారా?

జవాబు: ఇప్పటికైతే రెండూ వద్దు.

ముందు కొత్త కారు సంగతి. ఏడు లక్షలు, తొమ్మిదిన్నర శాతం వడ్డీ, అయిదేళ్ల గడువు అనుకుంటే ఈఎంఐ సుమారు 14,700. వడ్డీయే 1.82 లక్షలు. లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ దీనికి అదనం. గ్యారేజీ చెప్పింది అక్షరాలా నిజమైనా ఆ 48 వేలు దాదాపు మూడుంపావు నెలల ఈఎంఐతో సమానం. వారానికి రెండు రోజులు తిరిగే బండికి జీతంలో దాదాపు నాలుగో వంతు రాసివ్వడం దండగ. మీ ఆర్సీ గడువు కూడా 2031 దాకా ఉంది.

అలాగని 48 వేలు కట్టేయమనీ కాదు. నాలుగు సామాన్లు ఒకే నెలలో కట్టగట్టుకుని పోవడం అరుదు. ఎస్టిమేటు కాగితం మీద వోల్టేజీ రీడింగు గానీ, కారు కంప్యూటర్ నమోదు చేసిన లోపం తాలూకు స్కానర్ కోడ్ గానీ రాసి ఉందా? లేకపోతే అది రోగం తేల్చకుండా రాసిన మందుల చీటీ. కోఠి గుజరాతీ గల్లీలో డిజిటల్ మల్టీమీటర్ నాలుగైదు వందలకు దొరుకుతుంది. ఆ కోడ్‌లు చదివి, ఫోన్‌కు బ్లూటూత్‌తో కలిసే ఓబీడీ స్కానర్ ఇంకో వెయ్యి. రెండు వేల లోపు ఖర్చుతో ఏది మార్చాలో మీకే తెలుస్తుంది.

వచ్చే శనివారం సెల్ఫ్ కొట్టకముందే బానెట్ ఎత్తండి. మీటర్ డయల్‌ను డీసీ 20 వోల్టుల మీద పెట్టి, ఎర్ర వైరు బ్యాటరీ ప్లస్‌కు, నల్లది మైనస్‌కు ఆనించండి. 12.6 చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12కు తక్కువైతే ఖాళీ. టెర్మినల్స్ మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుని ఉంటే 10 నంబరు స్పానర్‌తో ముందు మైనస్ క్లాంపు, తర్వాత ప్లస్ విప్పి, వంట సోడా కలిపిన వేడి నీళ్లతో పాత బ్రష్ పెట్టి రుద్దండి. బిగించేటప్పుడు ముందు ప్లస్. కొన్నిసార్లు కథ ఇక్కడే ముగుస్తుంది, ఖర్చు సోడా పొట్లం.

బ్యాటరీ పూర్తిగా చార్జ్ చేయించాక ఇంట్లో వాళ్లను సెల్ఫ్ కొట్టమని మీరు మీటర్ చూస్తూ ఉండండి. అంకె 9.6 కంటే కిందికి జారితే బ్యాటరీ పనైపోయినట్టే. మన ఎండలకు మూడు నాలుగేళ్లు వస్తే అదే ఎక్కువ. పాతది ఎక్స్చేంజ్ ఇస్తే చిన్న కారు బ్యాటరీ నాలుగు నుంచి ఆరు వేలలో వస్తుంది. మీరు చెప్పిన వరస టిక్‌టిక్ కూడా కరెంటు చాలడం లేదనడానికే గుర్తు. సెల్ఫ్ మోటార్ పోతే సాధారణంగా ఒక్కటే ‘టక్’ వినిపించి, డాష్‌బోర్డు లైట్లు తగ్గకుండా అలాగే ఉంటాయి. అప్పుడైనా మొత్తం మార్చక్కర్లేదు. ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర కార్బన్ బ్రష్‌లు వేయిస్తే చాలాసార్లు సరిపోతుంది.

ఇంజిన్ నడుస్తుండగా అదే చోట 13.8 నుంచి 14.5 రావాలి. హెడ్‌లైట్లు, ఏసీ వేసినా 13.5 దగ్గర నిలబడితే ఆల్టర్నేటర్ బాగున్నట్టే. దాన్ని ఎస్టిమేటు నుంచి కొట్టేయించండి. బ్యాటరీ కొత్తది వేసినా మళ్లీ శుక్రవారానికి పడిపోతుంటే, తాళం తీసినా కరెంటు లాగుతున్న డాష్‌క్యామో జీపీఎస్సో ఉందేమో చూసుకోండి. తోసి స్టార్ట్ చేయడం మాత్రం మానండి. కాలని పెట్రోలు కన్వర్టర్‌లోకి వెళ్తుంది. జంపర్ కేబుల్ మేలు, నల్ల వైరు చివరి కొసను మీ ఇంజిన్ లోహానికి తగిలించాలి, బ్యాటరీకి కాదు.

ఇక లైటు. స్కానర్‌ను స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కు పెట్టి, కోడ్‌లను ఫొటో తీశాకే చెరపండి. బ్యాటరీ నీరసించినప్పుడు పి0562 (వోల్టేజీ తక్కువ) లాంటివే కాక, అసలు లేని రోగాల కోడ్‌లు కూడా పడతాయి. కాబట్టి బ్యాటరీ సరిచేసి, కోడ్‌లు చెరిపి, ఓ వంద కిలోమీటర్లు తిరిగాక ఏది మళ్లీ వచ్చిందో అదే అసలు జబ్బు. మీ బండి వణుకును బట్టి పి0301 నుంచి పి0304 లోపు ఏదో ఒకటి తేలొచ్చు. ఆఖరి అంకె మంట సరిగా పడని సిలిండర్. పి0301 అయితే ఇంజిన్ ఆపి, చల్లారాక, ఒకటో సిలిండర్ ఇగ్నిషన్ కాయిల్‌ను (స్పార్క్ ప్లగ్‌కు కరెంటు పంపేది) రెండో దానికి మార్చి చూడండి. కోడ్ పి0302 అయితే కాయిలే దొంగ. అక్కడే ఉండిపోతే స్పార్క్ ప్లగ్, తర్వాత ఇంజెక్టర్. లైటు నిలకడగా కాక మిణుకుమిణుకుమంటే మాత్రం బండి పక్కకు ఆపేయండి, అప్పుడు నిజంగానే కన్వర్టర్ కాలిపోతుంది.

ఎస్టిమేటులో అన్నిటికంటే బరువైంది ఈ కన్వర్టరే. కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని చెప్పే పి0420 కోడ్ వచ్చినంత మాత్రాన అది పోయినట్టు కాదు. మిస్‌ఫైరింగ్ (సిలిండర్‌లో మంట సరిగా పడకపోవడం), సైలెన్సర్ గొట్టంలో లీకు, వెనకాల ఆక్సిజన్ సెన్సర్ లోపం కూడా అదే కోడ్ చూపిస్తాయి. అవన్నీ చూశాకే మార్పించండి. మార్పిస్తే పాతది షెడ్డులో వదలకండి. లోపల ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి, ధర అడిగి బిల్లులో తగ్గించుకోండి.

మీరు రాసిన లక్షణాలకు బ్యాటరీ, ప్లగ్‌లు, ఒక కాయిల్ అనుకున్నా పది పన్నెండు వేలు దాటదని నా అంచనా. దానికి కార్డు ఈఎంఐ అక్కర్లేదు. నో కాస్ట్ అన్నా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ పడతాయి. ఎఫ్‌డీలో కొంత విత్‌డ్రా చేసుకోండి, పోయేది సాధారణంగా అర శాతం నుంచి ఒక శాతం వడ్డీ. తర్వాత నెలకు 2,500 ఆర్డీ కట్టి ఆ చిల్లు పూడ్చండి. అయిదు నెలల పని.

ఇన్సూరెన్స్ కాగితం కూడా ఒకసారి తిరగేయండి. అరుగుదల, కరెంటు లోపాలకు పాలసీ డబ్బులివ్వదు గానీ, రోడ్‌సైడ్ అసిస్టెన్స్ యాడ్ఆన్ ఉంటే జంప్ స్టార్ట్, టోయింగ్ అందులోనే వస్తాయి. ప్రీమియం కట్టి, వాడటం మరిచిపోయే వాళ్లే ఎక్కువ. రెన్యువల్‌కు ఇంజిన్ ప్రొటెక్ట్ ధర కూడా అడగండి. వానాకాలంలో సెల్లార్‌లోకి నీళ్లొచ్చి కారు మునిగినప్పుడు, తెలియక సెల్ఫ్ కొడితే ఇంజిన్ బిగుసుకుపోతుంది. ఆ నష్టం మామూలు పాలసీలోకి రాదు.