జిమ్‌కు ఎన్ని బళ్లొస్తాయో రాసిమ్మంటున్నారు, రాసివ్వొచ్చా?

ప్రశ్న: విశాఖ సీతమ్మధారలో ఏడేళ్లుగా జిమ్ నడుపుతున్నాను. సభ్యులు 280 మంది. ఎంవీపీ కాలనీలో ఒక షాపింగ్ కాంప్లెక్సు రెండో అంతస్తుకు మారదామనుకుంటున్నాను. కింద బేకరీ, బట్టల షాపు, మొదటి అంతస్తులో పిల్లల క్లినిక్ ఉన్నాయి. ‘280 మంది వచ్చిపడితే మా కస్టమర్లు ఎక్కడ పెట్టుకుంటారు?’ అని వాళ్ల గొడవ. దాంతో ఓనరు ‘ఏ సమయంలోనూ 15 బళ్లకు మించవు’ అని స్టాంపు కాగితం మీద రాసిస్తేనే అయిదేళ్ల లీజు ఇస్తానంటున్నారు. సంతకం పెట్టొచ్చా?

జవాబు: ఆ వాక్యం కింద మాత్రం పెట్టకండి. అసలు ‘బండి’ అంటే ఏమిటి? మనకు బండంటే స్కూటరు, మోటార్‌సైకిలు. ఓనరు మనసులో ఉన్నది కారు కావచ్చు. రేపు గొడవొస్తే ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెబుతారు. పైగా ‘మించవు’ అనేది హామీ. షరతు తప్పితే స్వాధీనం చేసుకోవచ్చని లీజులో ఇంకో ముక్క ఉంటే, ఆస్తి బదిలీ చట్టం 111(జి) కింద లీజునే రద్దు చేసుకునే దారి ఓనరుకు దొరుకుతుంది. అలాంటప్పుడు తప్పు సరిదిద్దుకోమని ముందు నోటీసివ్వాలని 114ఎ చెబుతుంది, నిజమే. కానీ జనవరి మొదటి వారం సాయంత్రం ఏడింటికి పదహారో బండి రాకుండా మీరు ఎలా ఆపగలరు?

280 అన్న అంకెను పక్కన పెట్టండి. అందరూ రోజూ రారు, వచ్చినవాళ్లు ఒకేసారి రారు. వేలిముద్ర మిషన్‌లో రెండు వారాల లెక్క తీసి, గంటకు ఎంతమంది వస్తున్నారో చూడండి. బాగా రద్దీగా ఉండే గంటలో 40 మంది వచ్చి, ఒక్కొక్కరు గంటంబావు ఉంటున్నారనుకుందాం. అంటే ఒకే సమయంలో లోపల సుమారు 50 మంది. నడిచొచ్చేవాళ్లు, వెనక కూర్చుని వచ్చేవాళ్లు పది మంది పోతే 40 వాహనాలు. అందులో 6 కార్లు, 34 బళ్లు. కారు పట్టే చోట మూడు నాలుగు బళ్లు సర్దొచ్చు కాబట్టి, మొత్తం 15 నుంచి 18 కార్ల చోటు కావాలి. కార్లను కూడా బళ్లుగా లెక్కేస్తే 40! ఓనరు కాగితం ప్రకారం మొదటి రోజే తప్పారు.

ఇప్పుడు నడిచొచ్చే సీతమ్మధార వాళ్లు ఎంవీపీకి బండేసుకునే వస్తారు. కాబట్టి వాళ్లను పై లెక్కలోంచి తీసేయకండి. బ్యాచ్ మారే పావుగంటలో వెళ్లేవాళ్ల బళ్లూ వచ్చేవాళ్ల బళ్లూ కలిసి ఉంటాయి. ఇక ట్రైనర్లు. పొద్దున్నే వచ్చి గేటు పక్కన మంచి చోట పెడితే రాత్రిదాకా కదలవు. షాపులవాళ్లకు కంట్లో పడేవి అవే.

తెల్లవారుజాము బ్యాచ్‌లతో ఎవరికీ పేచీ లేదు, అప్పటికి బట్టల షాపు షట్టరే ఎత్తరు. అసలు తగువు సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది. ఒక సోమవారం, ఒక శనివారం మీరే ఆ కాంప్లెక్సుకు వెళ్లి, పార్కింగ్ ఉండే సెల్లారులో నిలబడి అరగంటకోసారి ఖాళీ చోట్లు లెక్కపెట్టండి, ఫోటోలు తీయండి. అట్టపెట్టెలు కనిపిస్తే అవీ తీయండి. పార్కింగ్ అని చూపించి ప్లాను తెచ్చుకున్న సెల్లారును గోడౌను చేయడం మన ఊళ్లో కొత్తేమీ కాదు. మంజూరైన ప్లాను కాపీ ఓనరును అడగండి. ఇవ్వకపోతే విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. సెల్లారు ఖాళీ చేయించే బాధ్యత ఓనరుదేనని రాయించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.

మరి ఏం రాసివ్వాలి? ‘ఫలానా తేదీల హాజరును బట్టి వేసిన అంచనా ఇది, హామీ కాదు’ అని కార్లు, బళ్లు విడివిడిగా, గంటలవారీగా. దాంతోపాటు మీ చేతిలో ఉన్నవాటికి మాటివ్వండి: ట్రైనర్ల బళ్లు బయట పెట్టిస్తామని, బ్యాచ్‌ల మధ్య పావుగంట విరామం ఇస్తామని, సాయంత్రం బళ్లు సర్దడానికి ఒక మనిషిని పెడతామని. అంకెలు మాత్రం తగ్గించి రాయకండి. తప్పుడు లెక్క చూపి ఒప్పించారని తేలితే కాంట్రాక్టు చట్టం 18, 19 సెక్షన్లు మీకే ఎదురు తిరుగుతాయి.

ఇదంతా విడి స్టాంపు కాగితం మీద వద్దు, లీజులోనే, సెల్లారు స్కెచ్‌తో సహా ఉండాలి. అయిదేళ్ల లీజు రిజిస్టర్ కావాల్సిందే. నోటరీతో సరిపెడితే పార్కింగ్ షరతును కోర్టులో నిలబెట్టుకోవడం కష్టం.

చేరాక ఎవరైనా గొలుసు కట్టి అడ్డుకుంటే, అలా అడ్డుకోవద్దని కోర్టు ఆదేశం కోరుతూ ఇంజంక్షన్ దావా వేయొచ్చు. స్థలం చూసి రావడానికి అడ్వకేట్ కమిషనర్‌ను వేయమని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26 రూల్ 9 కింద కోర్టును అడగొచ్చు. నా కేసు ఒకదాంట్లో కమిషనర్ పదకొండింటికి వచ్చి, సెల్లారు ఖాళీగా ఉందని రాసుకుని వెళ్లిపోయారు. మీ పిటిషన్‌లో సాయంత్రం ఏడింటికి తనిఖీ చేయాలని మరిచిపోకుండా అడిగించండి.