కారు కబుర్లు: 31,000 కిలోమీటర్ల పోర్షే, అడ్వాన్స్ వేసేయొచ్చా?

ప్రశ్న: అన్నా నమస్తే, మాది కూకట్‌పల్లి. ఢిల్లీ రిజిస్ట్రేషన్ పోర్షే బాక్స్‌టర్ ఒకటి అమ్మకానికొచ్చింది, 2013 మోడల్, 2.7 పెట్రోల్, ఆటోమేటిక్, టాప్ ఓపెన్ అవుతుంది, సింగిల్ ఓనర్, 31,000 కిలోమీటర్లే తిరిగిందంట. వెల్ మెయింటెయిన్డ్ సర్ అని ఒకటే చెప్తున్నాడు, ఫోటోల్లో అయితే మెరిసిపోతోంది. అడ్వాన్స్ వేసేయమంటారా? మా ఆవిడేమో రెండు సీట్ల కారు ఎందుకు, పిల్లల్ని డిక్కీలో కూర్చోబెడతావా అంటోంది.

జవాబు: బ్రదర్, మీ ఆవిడ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు గానీ డిక్కీలు మాత్రం రెండున్నాయి, ముందు 150 లీటర్లు, వెనక 130. ఇంజిన్ సీట్ల వెనకాల ఇరుక్కుని ఉంటుంది, బానెట్ ఎత్తినా కనపడదు, ఆయిలూ కూలెంటూ పోసే మూతలు మాత్రం వెనక డిక్కీలో ఉంటాయి. కాబట్టి తెలిసిన మెకానిక్‌ని వెంటేసుకెళ్ళి పార్కింగ్‌లో చూపిస్తే లాభం లేదు, లిఫ్ట్ ఎక్కించి కిందనుంచి చూడాల్సిందే.

ఇక ఆ 31,000 చూసి మీరు పడిపోయినట్టున్నారు, నాకైతే అక్కడే కొంచెం అనుమానం. ఇన్నేళ్ళలో అంతే తిరిగిందంటే చాలా కాలం కవర్ కప్పుకుని ఏ సెల్లార్‌లోనో పడుందన్నమాట, ఇలాంటి కార్లు తిరిగి పాడయ్యే దానికన్నా నిలబడి పాడయ్యేదే ఎక్కువ, బ్యాటరీ చస్తుంది, రబ్బరు సీళ్ళు ఎండిపోతాయి, టైర్లు గట్టిపడిపోతాయి. బ్రేక్ ఆయిల్ అయితే కారు కదలకపోయినా రెండేళ్ళకోసారి మార్చాలి ఎందుకంటే అది గాల్లో తేమ లాగేసుకుంటుంది. సర్వీస్ బిల్లులన్నీ తెప్పించుకుని తేదీలు వరసగా పెట్టి చూడండి, మధ్యలో మూడు నాలుగేళ్ళు ఖాళీ కనపడితే వెల్ మెయింటెయిన్డ్ కథ అక్కడితో అయిపోయినట్టే.

టైరు పక్కన వంగి చూడండి, డీఓటీ అని ఉన్నచోట చివర్లో నాలుగంకెలుంటాయి, 1417 అని ఉంటే 2017లో పద్నాలుగో వారం తయారైందని. గ్రిప్ ఎంత కొత్తగా కనపడినా అంత పాత టైర్లతో ఈ కారు తోలకూడదు, నాలుగూ మార్చే ఖర్చు రేటులోంచి తీసేయమనండి.

ఇంకోటుంది, ఇది చాలామంది అడగరు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో కంప్యూటర్ తగిలిస్తే ఇంజిన్ మొత్తం ఎన్ని గంటలు నడిచిందో వస్తుంది. 31,000ని ఆ గంటలతో భాగించండి. 900 గంటలైతే సగటున గంటకి 34 కిలోమీటర్లు, నమ్మొచ్చు. 2,400 గంటలని వస్తే గంటకి 13 పడుతుంది, ఢిల్లీ ట్రాఫిక్ ఎంత దారుణమైనా పన్నెండు నెలలూ అంత నెమ్మదిగా ఎవడూ తోలడు, మీటర్ వెనక్కి తిప్పారేమో అడగాల్సిందే.

టాప్ 9 సెకన్లలో తెరుచుకోవాలి, 50 కిలోమీటర్ల స్పీడ్ లోపు నడుస్తూ కూడా తెరవొచ్చు. ఒక్కసారి తెరిచి చూపించి సరే అనేస్తారు, మీరే నాలుగుసార్లు తెరిచి మూయండి, ఎక్కడైనా ఆగి ఆలోచిస్తున్నట్టు కదిలితే వదిలేయండి. బట్ట మడత పడేచోట వాననీళ్ళు దిగే కన్నాలుంటాయి, అవి ఆకులతో మూసుకుపోతే నీళ్ళు లోపలికొస్తాయి. బాటిల్‌తో నీళ్ళు పోసి కింద కారుతున్నాయో లేదో చూడండి, కార్పెట్ ఎత్తి వాసన చూడండి, ముక్కిపోయిన వాసనొస్తే బేరం ఆడకుండా నమస్కారం పెట్టేయండి. ముందు బంపర్ గాలి కన్నాల్లో టార్చ్ కొట్టి రేడియేటర్ల మీద చెత్త పేరుకుందేమో కూడా చూడండి.

ఢిల్లీ నుంచి ఎందుకొస్తోందంటారా, అక్కడ 15 ఏళ్ళు దాటిన పెట్రోల్ కార్లకి ఇబ్బందులన్న భయం ఉంది, 2013 బండికి 2028లో 15 ఏళ్ళు నిండుతాయి, అమ్మేవాడికి ఆ తొందరుండొచ్చు, దాన్ని మీ బేరానికి వాడుకోండి. కాకపోతే ఎన్‌ఓసీ, అంటే బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదని అక్కడి ఆర్టీఓ ఇచ్చే కాగితం, చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు, 12 నెలలు దాటి ఇక్కడే ఉంచుకుంటే ఇక్కడి నంబర్ తప్పనిసరి. లైఫ్ టాక్స్ ఎంత పడుతుందో ఆర్టీఏలో ముందే కనుక్కోండి, అది మీరు కొన్న రేటు మీద పడేది కాదు, లెక్క కొత్తప్పటి ఖరీదుతో మొదలవుతుంది, మన జనం దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే.

ప్రశ్న: పాత స్పోర్ట్స్ కారులో మామూలు పెట్రోల్ పోయించొచ్చా సార్? (విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మూత తెరిచి లోపల స్టిక్కర్ చూడండి, ఇలాంటి వాటికి ఎక్కువగా 98 ఆక్టేన్ పోయమని ఉంటుంది. ఇప్పుడు బంకుల్లో మామూలుది 20 శాతం ఇథనాల్ కలిసిందే, పాత కార్లు దానికోసం చేసినవి కావు. ఎక్స్‌పీ100 అని ఇండియన్ ఆయిల్ వాళ్ళ 100 ఆక్టేన్ పెట్రోల్ దొరికితే అదే పోయించండి, రేటు చూసి గుండె పట్టుకోకండి, ఆదివారం మాత్రమే బయటికి తీసే కారుకి నెలకెంతవుతుంది?

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ కారు కొన్నాక పాత ఓనర్ ఇన్సూరెన్స్ ఇంకా ఏడు నెలలుంది, అలాగే నడిపేయొచ్చా? (విజయవాడ)

జవాబు: నడిపేయకండి. 14 రోజుల్లోపు మీ పేరుకి మార్పించుకోండి, లేకపోతే మీ కారుకి దెబ్బ తగిలితే క్లెయిమ్ దగ్గర పేచీ పెడతారు. ఆయన నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, ఆయనతోనే పోతుంది, మీకు రాదు, ఆ తేడా కట్టమంటారు, కట్టేయండి.