పాప కడుపునొప్పికీ మా గొడవలకూ సంబంధం ఉందా?

ప్రశ్న: నా వయసు 33. పెళ్లయి తొమ్మిదేళ్లు, ఏడేళ్ల పాప ఉంది. మామయ్యగారు పోయాక రెండేళ్లుగా అత్తయ్యగారు మాతోనే ఉంటున్నారు. అప్పట్నుంచి ఇంట్లో ఏదో ఒక గొడవ. కూరలో ఉప్పు దగ్గర మొదలై మా పుట్టింటి దాకా వెళ్తుంది. నేను అడిగేకొద్దీ మావారు నోరు మెదపరు, ఫోన్ పట్టుకుని బయటికి వెళ్లిపోతారు. తర్వాత మూడు నాలుగు రోజులు మాటలుండవు. ‘అన్నం పెట్టానని నాన్నకు చెప్పు’ అని పాపతోనే చెప్పిస్తుంటాను. రెండుసార్లు పెద్దమనుషుల్లో కూర్చోబెట్టారు. నెల తిరక్కుండానే మళ్లీ మామూలే. ఈమధ్య పాప స్కూలుకు వెళ్లేముందు కడుపునొప్పి అంటోంది. పిల్లల డాక్టరు స్కానింగ్, రక్తపరీక్షలు చేయించి ఏమీ లేదన్నారు. ఫ్యామిలీ కౌన్సెలింగ్‌కు వెళ్దామంటే ‘మనింటి విషయాలు బయటివాళ్లకెందుకు, మనకేమన్నా పిచ్చా’ అంటున్నారు మావారు. నిజంగా దానివల్ల ఉపయోగం ఉంటుందా?
– ఓ సోదరి, గుంటూరు

డాక్టర్ సలహా: అమ్మా, మీరు చివర్లో రాసిన పాప కడుపునొప్పి దగ్గరే నేను మొదలుపెడతాను. పరీక్షల్లో ఏమీ రాలేదంటే పాప నటిస్తోందని కాదు. నొప్పి నిజమే. పేగులకూ మెదడుకూ మధ్య నరాల ద్వారా రాకపోకలు నడుస్తూనే ఉంటాయి. పరీక్ష రోజు పొద్దున కడుపులో తిప్పడం మనందరికీ అనుభవమే కదా. ‘నేను స్కూలుకెళ్తే ఇంట్లో ఏమవుతుందో’ అన్న బెంగ ఏడేళ్ల పిల్ల నోటితో చెప్పలేదు, కడుపు చెబుతుంది. అయితే స్కూల్లో ఎవరైనా ఏడిపిస్తున్నారేమో టీచర్‌ను కూడా అడగండి. బరువు తగ్గుతున్నా, నొప్పితో రాత్రి నిద్రలేస్తున్నా, వాంతులవుతున్నా, మలంలో రక్తం కనిపించినా మళ్లీ పిల్లల డాక్టర్ దగ్గరికే వెళ్లాలి.

1970లలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో సాల్వడార్ మినూచిన్ అనే మానసిక వైద్యుడు, మందులు సరిగా వాడుతున్నా షుగర్ అదుపు తప్పి పదేపదే ఆసుపత్రిలో చేరే పిల్లల కుటుంబాలను గమనించారు. తల్లిదండ్రులు తమ మధ్య తేల్చుకోలేని గొడవలోకి తెలియకుండానే బిడ్డను లాగుతున్నారని ఆయనకు అనిపించింది. ఆ తర్వాత ఆయన సిద్ధాంతాలపై విమర్శలు వచ్చాయి, అది వేరే సంగతి. కానీ బిడ్డకు జబ్బు చేస్తే ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి చూడాలన్న ఆలోచన మాత్రం నిలబడింది. పాపతో కబుర్లు పంపడమంటే మీ ఇద్దరి మధ్య తీగ మీద ఆ పిల్లను నడిపించడమే. అది ఈ రోజే ఆపేయండి. దానికి ఏ కౌన్సెలరూ అక్కర్లేదు.

ఇక పెద్దమనుషుల సంగతి. వాళ్లు తప్పెవరిదో తేలుస్తారు, సర్దుకుపొమ్మంటారు, లేచి వెళ్లిపోతారు. ఓడినవాళ్లు ఆ ఓటమిని మనసులో పెట్టుకుంటారు. మీరడిగిన ఫ్యామిలీ కౌన్సెలింగ్‌లో, అంటే థెరపీలో, తీర్పు ఉండదు. గొడవ దేని గురించి అన్నదానికంటే ఎలా నడుస్తుందన్నది చూస్తారు. మీ ఇంట్లో అది నాకు కాగితం మీదే కనిపిస్తోంది. మీరు సమాధానం కోసం వెంటపడతారు, ఆయన మౌనంలోకి వెళ్తారు. ఆ మౌనం చూసి మీరు గొంతు పెంచుతారు, ఆ గొంతు విని ఆయన గడప దాటతారు. ఎవరు మొదలుపెట్టారంటే ఇద్దరి దగ్గరా ఎదుటివాళ్ల పేరే ఉంటుంది.

ఆయన మౌనాన్ని మీరు నిర్లక్ష్యం అనుకుంటున్నారు. చాలాసార్లు అది కాదు. దంపతుల గొడవలను ప్రయోగశాలలో ఏళ్ల తరబడి పరిశీలించిన జాన్ గాట్‌మన్, ఇలా మూగబోయినవారిలో చాలామందికి గుండె నిమిషానికి వందకు పైగా కొట్టుకుంటుంటుందని గుర్తించారు. ఆ స్థితిలో మాట చెవికెక్కదు. కనీసం 20 నిమిషాలు విరామం కావాలి. కానీ చెప్పకుండా వెళ్లిపోవడం వేరు, ‘అరగంటలో వస్తాను, అప్పుడు మాట్లాడదాం’ అని వెళ్లడం వేరు. థెరపీలో ఆయన నేర్చుకోవాల్సింది ఆ రెండోది. ఆయన తిరిగి వచ్చేదాకా ఆగడం మీరు నేర్చుకోవాల్సింది. రాసినంత తేలిక కాదు, నాకు తెలుసు.

సాధారణంగా మొదటిసారి ఇద్దరితో కలిపి, తర్వాత ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతారు. ఆపైన వారానికో, రెండు వారాలకో ఓ గంట. పది పదిహేను సిట్టింగులు పట్టొచ్చు. అత్తయ్యగారిని మొదటి రోజే తీసుకెళ్లకండి. భర్త పోయిన రెండేళ్లలో ఆమె తన ఇల్లూ, పెత్తనమూ వదులుకుని మీ వంటింట్లోకి వచ్చారు. కూరలో ఉప్పు మాటున ఆ దిగులు ఉండొచ్చు, ఆమెకూ ఓ సిట్టింగు అవసరం పడొచ్చు. అయితే ఇంటి కట్టుబాట్ల గురించి ఆమెతో మాట్లాడాల్సింది కొడుకే. ఆ పని కోడలి నెత్తిన పడ్డ ప్రతి ఇంట్లోనూ గొడవ పెరగడమే నేను చూశాను.

మీ సమస్యలన్నీ తీరిపోతాయని మాత్రం అనుకోకండి. దంపతుల గొడవల్లో 69 శాతం ఎప్పటికీ తేలనివేనని అదే గాట్‌మన్ లెక్క. తేలని విషయంతో పాటే మర్యాదగా బతకడం నేర్పుతుంది థెరపీ. కొన్ని జంటలు విడిపోవాలనే నిర్ణయానికీ వస్తాయి. ఒక ముఖ్యమైన మాట: ఆయన చెయ్యి చేసుకోవడం, బెదిరించడం ఉంటే ఇద్దరూ కలిసి కూర్చునే కౌన్సెలింగ్ మీకు సరైన దారి కాదు. గదిలో చెప్పిన నిజానికి ఇంటికెళ్లాక దెబ్బలు తినాల్సి వస్తుంది. అప్పుడు మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. తాగుడుగానీ డిప్రెషన్‌గానీ ఉంటే దానికి చికిత్స కూడా వెంట నడవాలి.

కౌన్సెలర్ అన్న బోర్డు ఎవరైనా పెట్టుకోగలరు కాబట్టి చదువు, అనుభవం అడగండి. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. మీ ఊళ్లో ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో అడగొచ్చు. ముందు ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

మీవారిని ఒప్పించడం ఎలా? ‘మీరు మారాలి, పదండి’ అంటే ఎవరూ రారు. గొడవ లేని రోజు చూసి, ‘పాప కడుపునొప్పి గురించి మనిద్దర్నీ రమ్మన్నారు’ అని చెప్పండి. అందులో అబద్ధం లేదు, నేనే రమ్మంటున్నాను. అప్పటికీ కదలకపోతే మీరొక్కరే వెళ్లండి. వెంటపడటం మీరు తగ్గిస్తే, పారిపోవాల్సిన పని ఆయనకూ కొంత తగ్గుతుంది.