తంగేడు గింజలు మొలవకపోవడానికి కారణం

అనంతపురం గుట్టల నుంచి తెచ్చిన తంగేడు గింజలను కుండీలో నాటి, రోజూ నీళ్లు పోసినా, నెల గడిచినా ఒక్కటీ మొలవలేదని రాశారు. తంగేడు గింజ పైపొర చాలా గట్టిది, నీటిని లోపలికి రానివ్వదు. మొన తగలకుండా గింజ పక్క భాగాన్ని గరుకు కాగితంపై, గోధుమ రంగు పోయి లోపలి లేత రంగు కనిపించేదాకా రుద్ది, రాత్రంతా నానబెట్టండి. తెల్లవారేసరికి ఉబ్బిన వాటినే నాటి, ఉబ్బని వాటిని మళ్లీ రుద్దండి. కుండీ మాత్రం వద్దని నా గట్టి అభిప్రాయం: దీని తల్లివేరు లోతుకు దిగుతుంది గనుక, తొలకరి పడగానే మీ ఎర్రనేలలో మొక్క పెరగాల్సిన చోటే ఒక సెంటీమీటరు లోతున గింజ వేయండి. మొక్క నిలదొక్కుకున్నాక నీళ్లు తగ్గించండి, నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. తోళ్లు పదును చేయడానికి పూర్వం నుంచి వాడే బెరడు ఈ తంగేడుదే. మీకు పూజకు పూలే కావాలన్నారు కాబట్టి, బెరడు ఒలవకుండా చెట్టును కాపాడుకోండి.