బొట్టులో మందారం ఎక్కడుంది?

ప్రశ్న: గడ్డిపోచ చివర నీటిబొట్టు నిలబెట్టి, వెనక మందారం ఉంచి, ఆ పువ్వు బొట్టులో కనిపించేలా తీయాలని పెరట్లో తంటాలు పడుతున్నాను. బొట్టు అంచు బాగా వస్తే పువ్వు మసకేస్తోంది. పువ్వు తేటగా వస్తే అంచు చెదిరిపోతోంది. పైగా పువ్వు తలకిందులు! కెమెరా మామూలుదే, మా తమ్ముడి దగ్గర 90 ఎం.ఎం. మాక్రో లెన్స్ (చిన్న వస్తువుల్ని దగ్గర నుంచి పెద్దగా తీసేది) అడిగి తెచ్చుకున్నాను. లోపం ఎక్కడుంది సార్?
– ఒక టీచరమ్మ, కందుకూరు

జవాబు: లోపం మీ చేతిలోనూ లేదు, మీ తమ్ముడి లెన్సులోనూ లేదమ్మా. పువ్వు బొట్టు లోపల ఉందనుకుని వెతుకుతున్నారు. అది అక్కడ లేదు. బొట్టుకీ మీ కెమెరాకీ మధ్య గాల్లో ఉంది.

నీటిబొట్టు కూడా ఒక కుంభాకార కటకమే. నీటి వక్రీభవన గుణకం, అంటే వెలుగుని ఎంత వంచుతుందో చెప్పే అంకె, 1.33. ఆ లెక్కన గుండ్రటి బొట్టు నాభి, అంటే దూరం నుంచి వచ్చిన వెలుగు కలిసే చోటు, దాని కేంద్రం నుంచి సరిగ్గా ఒక వ్యాసమంత దూరంలో పడుతుంది. అంటే 3 మిల్లీమీటర్ల బొట్టుకి మందారం ప్రతిబింబం కేంద్రం నుంచి 3 మిల్లీమీటర్లకు కాస్త అటుగా, మీ వైపు ఏర్పడుతుంది. మనం అంచు అని చూసేదేమో కేంద్రం ఉన్న తలంలోనే ఉంటుంది. ఈ రెంటికీ మధ్య 3 మిల్లీమీటర్ల ఎడం. మాక్రో లెన్సుని నిజ పరిమాణంలో, 1:1 దగ్గర, ఎఫ్ 11లో (ఈ అంకె పెరిగేకొద్దీ లెన్సు రంధ్రం, అంటే అపెర్చర్, చిన్నదై తేట మందం పెరుగుతుంది) పెడితే మామూలు ఏపీఎస్-సి సైజు సెన్సారున్న కెమెరాలో తేటగా వచ్చే మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఇక రెండూ ఒకే ఫొటోలో ఎలా కుదురుతాయి?

కుదరాలంటే బొట్టు చిన్నది కావాలి. పెద్ద బొట్టయితే పువ్వు గొప్పగా కనిపిస్తుందని అందరూ సిరంజితో నింపేస్తారు, అక్కడే చిక్కొస్తుంది. 2 మిల్లీమీటర్ల బొట్టు చాలు. కాస్త వెనక్కి జరిగి సగం పరిమాణంలో, 1:2లో తీయండి. ఎఫ్ 16 పెడితే తేట మందం 2 మిల్లీమీటర్ల దాకా వస్తుంది, బొట్టూ పువ్వూ రెండూ దాదాపు అందులో ఇమిడిపోతాయి. తర్వాత ఫొటోని కత్తిరించుకోవచ్చు. ఎఫ్ 16 దాటి పోకండి, వివర్తనం (సన్నటి రంధ్రంలో వెలుగు చెదరడం) వల్ల ఫొటో మొత్తం మెత్తబడిపోతుంది.

ఫోకస్ రింగు జోలికి పోవద్దు. మాన్యువల్‌లో పెట్టి, తెర మీద బొమ్మని పెద్దది చేసుకుని, కెమెరానే వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ జరపండి. ముందు అంచు తేటపడుతుంది, ఇంకొంచెం వెనక్కి లాగితే పువ్వు తేటపడుతుంది. ఆ రెంటికీ నడిమధ్య ఆపి నొక్కండి. ఓపికుంటే ముందు నుంచి వెనక వరకు వరసగా తీసి కంప్యూటర్లో కలపొచ్చు. ఆకు కదలకుండా ఉంటేనే ఆ పని అవుతుంది, కాబట్టి పోచని బట్టల క్లిప్పుతో ఒక పుల్లకి బిగించండి.

ఇక మందారం. అది పెద్ద పువ్వు. దగ్గర పెడితే బొట్టులో నడి భాగమే పడుతుంది, జానెడు వెనక్కి పెట్టండి. బిళ్ళగన్నేరు అయితే రెండు మూడు అంగుళాల దూరం సరిపోతుంది. కటకం తిరగేస్తుంది కాబట్టి పువ్వుని మీరే దారం కట్టి తలకిందులుగా వేలాడదీయండి. ఫొటోని తిప్పేస్తే సరిపోదా అంటారేమో, అప్పుడు బొట్టు ఆకాశంలోకి కారుతున్నట్టుంటుంది!

ప్రశ్న: మా నారుమడిలో పొద్దున్నే ప్రతి పోచ కొసనా ఒక్కటే బొట్టు, ముత్యంలా ఉంటుంది. మబ్బు పట్టిన రోజు కూడా ఉంటుంది. మబ్బుంటే మంచు పడదంటారు కదా, మరి ఇదేంటి? మాక్రో లెన్స్ లేదు, 18-55 ఎం.ఎం. జూమ్ లెన్స్ ఒక్కటే ఉంది.
– ఒక రైతు కొడుకు, కోవూరు

జవాబు: నువ్వు చూసింది నిజమే నాయనా. అది మంచు కాదు. వరి వేళ్లు రాత్రంతా నీళ్లు లాగుతూనే ఉంటాయి. ఆకు పత్రరంధ్రాలు మూసుకునుంటాయి కాబట్టి, ఆ ఒత్తిడికి నీరు ఆకు కొసనున్న సన్నటి రంధ్రాల గుండా ఊరి బయటికొస్తుంది. వేలితో తుడిచి చూడు, కాసేపట్లో మళ్లీ అక్కడే ఊరుతుంది. మంచయితే ఆకంతా సన్నగా చెమట పట్టినట్టుంటుంది, దానికి తేట ఆకాశం, గాలి లేని రాత్రి కావాలి. మన నెల్లూరు వైపు నార్లు పోసేదే ఈశాన్య రుతుపవనాల మబ్బుల్లో. అందుకే ఆ నెలల్లో మంచు కోసం కాచుకోవడం కంటే తడిసిన నారుమడి గట్టు మీద కూర్చోవడం మేలంటాను. పొద్దెక్కితే మాత్రం ఏమీ మిగలదు.

లెన్స్ సంగతి. కెమెరాకీ లెన్సుకీ మధ్య బిగించే ఎక్స్‌టెన్షన్ ట్యూబు కొనుక్కో, అందులో అద్దాలేమీ ఉండవు, ఉత్త గొట్టం. 36 ఎం.ఎం. ట్యూబు వేసి లెన్సుని 55 దగ్గర ఉంచితే, ట్యూబు ఒక్కటే నిజ పరిమాణంలో మూడింట రెండొంతుల దాకా తెస్తుంది. కరెంటు పిన్నులున్నదే తీసుకో, లేకపోతే అపెర్చర్ మార్చడం కుదరదు. లెన్సుని తిరగేసి బిగించే రింగు ఇంకా చవక. కానీ అపెర్చర్ రింగున్న పాత ఫిల్ము కాలపు 50 ఎం.ఎం. లెన్స్ దొరికితేనే దాంతో సుఖం.

ప్రశ్న: ఒంగోలు దగ్గర శనగ చేలో బొట్లు తీశాను. చేమాకు మీద బొట్టు వెండిలా మెరిసింది, శనగాకు మీద మెరవలేదు. ఎందుకు? గ్లిజరిన్ కలిపితే బొట్టు నిలుస్తుందంటున్నారు, అది మోసం కాదా?
– పేరు వద్దన్నారు, ఒంగోలు

జవాబు: చేమాకు, తామరాకు మీద మైనం పూసిన సూక్ష్మమైన బుడిపెలుంటాయి. బొట్టు వాటి కొసల మీదే నిలబడుతుంది, కింద గాలి పొర మిగులుతుంది. ఆ పొర దగ్గర వెలుగు వెనక్కి తిరగడమే మీరు చూసిన వెండి మెరుపు. బొట్టుని పక్క నుంచి, ఆకు ఎత్తుకి వంగి తీయండి.

శనగాకుకి నూగుంటుంది, ఆ నూగు చివర ఆమ్లం ఊరుతుంది. అక్కడి బొట్టు నాలుక మీద వేసుకుంటే పుల్లగా ఉంటుంది. మందు కొట్టిన చేలో మాత్రం ఆ పని చేయకండి! లెన్స్ మీద పడితే అప్పుడే తుడిచేయండి.

గ్లిజరిన్ సగం, నీళ్లు సగం కలిపితే బొట్టు త్వరగా ఆరదు, గుండ్రంగా నిలుస్తుంది. ఇంట్లో సాధనకి వాడుకోండి, నాకేం అభ్యంతరం లేదు. తర్వాత ఆకుని కడిగేయండి. పోటీకి పంపేటప్పుడు మాత్రం కింద ‘గ్లిజరిన్ బొట్టు’ అని రాయండి, ‘వేకువ మంచు’ అని రాస్తే నాకు మండుతుంది.